కాయని కాటుకచెట్లు

నడిసముద్రంలో, ఏ పెద్ద నేలతోనూ చుట్టరికం లేని దీవుల వరుస ఒకటి ఉంది. మండిపోయే ఎండలుండవు, గడ్డకట్టే చలీ ఉండదు. అక్కడి చెట్లు అక్కడే పుట్టాయి, ఇంకెక్కడ వెతికినా కనబడవు. తాటిచెట్టంత ఎత్తు లేచే ఫెర్నులు, పొద్దున పసుపుగా విరిసి సాయంత్రానికి ఎర్రబడి రాలిపోయే గోగుజాతి పూలు, కొండ అంచుల్లో తప్ప నిలబడనని మొండికేసిన, ముళ్లులేని మొగలి పొదలు. వేల ఏళ్లుగా ఆకు నమిలే నోరేదీ ఆ దీవుల మీద అడుగుపెట్టలేదు. అందుకని ఆ చెట్లు ముళ్లు పెంచుకోలేదు, ఆకుల్లో చేదు నింపుకోలేదు. భయమంటే తెలియని చెట్లవి. అలా బతకడం గొప్పే, శత్రువు రానంతకాలం.

మధ్య దీవి మీద కాటుకచెట్ల తోపు ఉండేది. దాని పండు మల్బరీ పండుకి దూరపు చుట్టం. తింటే ముక్కు కాటుక రాసినట్టు నల్లబడుతుంది. ఆ తోపులో ఎర్రతల పావురాలు కాపురం ఉండేవి. పావురాలు పిల్లలకి గొంతులో ఊరే పాలు పడతాయి కదా, వీటికి ఆ పాలు ఊరాలంటే కడుపునిండా కాటుకపండు పడాల్సిందే. అందుకని తోపు పూతకొచ్చినప్పుడు గుడ్లు పెట్టేవి. పిల్ల బయటికొచ్చే వేళకి పండు నల్లబడేది. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

తోపుకి పెద్దదిక్కు కెంపమ్మ అనే ముసలి పావురం. శుభ్రమంటే ఆవిడకి ప్రాణం. పొరుగు గూట్లో ఓ పుల్ల వంకరగా ఉన్నా చూసి ఊరుకునేది కాదు. "పిల్లల్ని కనాల్సినవాళ్లు కట్టుకునే గూడేనా ఇది?" అంటూ తనే దూరి సర్దేసేది. ఆవిడ వస్తోందని తెలిస్తే చాలు, కొత్త కోడళ్లు గబగబా గూళ్లు దులుపుకునేవాళ్లు.

అలాంటి కెంపమ్మకి ఒళ్లు మండించే సంగతి ఒకటుంది. తోపులో సగం చెట్లే కాసేవి. గాలి వచ్చే వైపు ఏటవాలులో ఉన్న మిగతా సగం పూసేవి గానీ ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. పైగా పూతకాలంలో వాటి నుంచి పచ్చటి పొడి లేచి తోపంతా కమ్మేసేది. ఈకల మీద పొడి, గూళ్లలో పొడి, గుడ్ల మీద పొడి. పావురాలన్నీ తుమ్ముతూ కూర్చునేవి.

"కాయా లేదు, పండూ లేదు. దుమ్ము మాత్రం దండిగా ఉంది," అని కెంపమ్మ ఏటా తిట్టుకునేది.

ఒక ఏడు ఆ తిట్టు పగగా మారింది. ఆవిడ కూతురు పగడం తొలి గుడ్డు పెట్టింది. పొదిగి పొదిగి ఆ పిల్ల సగమైపోయింది. గుడ్డు మాత్రం చివరికి మురిగిపోయింది. ఎందుకు మురిగిందో ఎవరికీ తెలీదు. తొలి గుడ్లు అలా పోవడం కొత్తా కాదు. కానీ గుడ్డు మీద పేరుకున్న పచ్చటి పొడిని కెంపమ్మ కళ్లారా చూసింది. ఇక ఆవిడకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"నా మనవణ్ణి ఆ పొడే పొట్టన పెట్టుకుంది," అని అందరి దగ్గరా చెప్పుకుని ఏడ్చింది.

ఇది ఇలా ఉండగా మేకల సంగతి చెప్పాలి. అంతకు కొన్నేళ్ల ముందు ఓ ఓడ వచ్చి ఆగింది. అందులోని మనుషులు మంచినీళ్లు పట్టుకుని, తిరుగు ప్రయాణంలో మాంసానికి పనికొస్తాయని కొన్ని మేకల్ని ఒడ్డున దింపి పోయారు. ఓడ తిరిగి రాలేదు. మేకలు మాత్రం మంద అయ్యాయి. ఒడ్డున గడ్డి అయిపోయింది, వాగు పక్క ఫెర్నులు అయిపోయాయి, గోగుపూలు మొదలంటా పోయాయి. వాటికి అందని కొండ అంచు మొగలి కాక, మిగిలింది కాటుకతోపు ఒక్కటే.

తోపు మాత్రం వాటికి అంత తేలిగ్గా దొరకలేదు. మేక మూతి పెట్టడం ఆలస్యం, పైనుంచి పావురాలు గుంపుగా దిగి కళ్లు పొడిచేవి. కిందనుంచి, చెట్ల మొదళ్లలో బొరియలు చేసుకున్న పీతలు కాలి గిట్టల మధ్య పట్టుకుని వేలాడేవి. పైకి చూస్తే కాలు పోతుంది, కిందికి చూస్తే కన్ను పోతుంది. రెండు మూడు మేకలు గుడ్డివయ్యాక మంద వెనక్కి తగ్గింది. అలా పావురాలూ పీతలూ కలిసి తోపుని కాపాడుకుంటూ వచ్చాయి.

పండ్లకాలం అయిపోయాక ఓ మధ్యాహ్నం, మందకి పెద్దయిన బొల్లిమేక ఒంటరిగా తోపు దగ్గరికొచ్చింది. నుదుట తెల్లమచ్చ, పొట్టదాకా గెడ్డం, నోట్లో ఎప్పుడూ ఏదో నములుతున్నట్టుండే దవడ. తోపు గట్టు దాటకుండా మోకాళ్ల మీద కూర్చుంది.

"కెంపమ్మ తల్లీ, ఉన్నారా? కొట్లాటకి రాలేదు. కాస్త మాట్లాడుకుందామని వచ్చా."

"అక్కడే ఉండి మాట్లాడు," అంది కెంపమ్మ కొమ్మ మీంచి.

"అలాగేనమ్మా. మీ అమ్మాయి సంగతి విన్నాను. తొలిచూలు పోతే ఆ బాధ ఎలాంటిదో నాకు తెలుసు. నేనూ కన్నదాన్నే." బొల్లిమేక తల దించుకుంది. "ఆ మాయదారి పొడి వల్లేనటగా?"

దీవి మీద ఇంతమంది ఉన్నారు, వచ్చి పలకరించింది శత్రువా అనిపించింది కెంపమ్మకి.

"నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముంది తల్లీ, పూతకాలంలో మా బొచ్చు నిండా అదే. నేనో మాట చెప్తాను, నచ్చితే వినండి. ఆ ఏటవాలు చెట్లున్నాయే, వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. మా పిల్లలేమో ఆకలికి మట్టి నాకుతున్నాయి. అవి మాకిచ్చెయ్యండి. కాసే చెట్ల జోలికి ఈ జన్మలో రాం. మీ గూళ్లకి దుమ్ము పోతుంది, మా కడుపులకి ఇంత మేత దొరుకుతుంది. ఈ కొట్లాటలూ ఉండవు."

"నిన్నెలా నమ్మేది?"

"కాసే చెట్టుకి మా మూతి తగిలితే నా రెండు కళ్లూ మీరే పొడిచెయ్యండి. నేను కదలకుండా కూర్చుంటా. మేకకి ఆకలుంటుందేమో గానీ, మాట తప్పే అలవాటు లేదమ్మా."

కెంపమ్మ తోపులో అందర్నీ పిలిచింది. పావురాలన్నీ ఒక్క మాట మీదే ఉన్నాయి. ఏటా తుమ్మి తుమ్మి విసిగిపోయాయవి. పీతల పెద్ద గట్టయ్య ఒక్కడే అడ్డం తిరిగాడు. గట్టయ్య పుట్టిందే పోట్లాడ్డానికి. నడక అడ్డం, మాటా అడ్డమే.

"కుదరదు! ఆ చెట్లు ఇవ్వడానికి వీల్లేదు!" అని రెండు కొండీలూ పైకెత్తాడు.

"ఎందుకు కుదరదు మావయ్యా? అవేమన్నా కాస్తాయా?" అంది కెంపమ్మ.

"కాసినా కాయకపోయినా నాకేంటి? మా బొరియలు వాటి కిందే ఉన్నాయి. ఆ నీడ వల్లే మన్ను తడిగా ఉంటోంది. చెట్లు పోతే మేమెక్కడికి పోవాలి?"

"అదీ సంగతి," అని కెంపమ్మ పెదవి విరిచింది. "మీ ఇల్లు చల్లగా ఉండాలి. నా కూతురి గుడ్లు మురిగిపోవాలి. అంతేగా?"

"నీ కూతురి గుడ్డు పొడి వల్లే పోయిందని నీకెవరు చెప్పారు?"

ఆ మాటతో పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. కడుపుకోత మీద కారం చల్లుతావా అని గట్టయ్యని నానా మాటలూ అన్నాయి. నిజానికి ఆ చెట్లు ఎందుకున్నాయో గట్టయ్యకీ తెలీదు. తన బొరియ సంగతి తప్ప ఇంకేదీ ఆయన ఆలోచించలేదు. సరైన మాట అన్నాడు గానీ స్వార్థం కోసం అన్నాడు, అందుకే ఎవరూ చెవిని పెట్టలేదు.

మర్నాడు ఒప్పందం జరిగింది. మాట తనే చెప్పాలని, ఎక్కడా లొసుగు లేకుండా చెప్పాలని కెంపమ్మ రాత్రంతా ఆలోచించుకుని వచ్చింది.

"కాసే చెట్టు పక్షులది. కాయని చెట్టు మేకలది."

"బాగా చెప్పారు తల్లీ. ఒక్క చిన్న అనుమానం," అంది బొల్లిమేక. "కాయని చెట్టంటే ఆ ఏటవాలువేనా? రేపు ఇంకెక్కడన్నా కాయనిది కనబడితే మళ్లీ మనలో మనకి గొడవ రాకూడదు చూడండి."

"ఏదైనా సరే. కాయనిదాన్ని అట్టేపెట్టుకుని మేమేం చేసుకుంటాం?"

"ఎప్పటికైనా ఇదే మాటా?"

"ఎప్పటికైనా," అంది కెంపమ్మ. ఎంత ఖచ్చితంగా మాట్లాడానో అనుకుని లోలోపల మురిసిపోయింది కూడా.

ఆ సాయంత్రం నుంచే మేకలు ఏటవాలు ఎక్కాయి. ముందు అందిన ఆకు తిన్నాయి. తర్వాత వెనక్కాళ్ల మీద లేచి కొమ్మలు వంచాయి. ఆ తర్వాత బెరడుకి వచ్చాయి. చేదులేని బెరడు, తియ్యటి బెరడు. మొదలు చుట్టూ పట్టీలు పట్టీలుగా ఒలిచి నమిలాయి. ఆ చప్పుడు తోపుదాకా వినబడేది. కొన్ని పావురాలు అది వినలేక అవతలి కొమ్మలకి మారేవి గానీ, పెద్దావిడ ముందు నోరెత్తలేదు. చలికాలం వెళ్లేసరికి ఏటవాలు మీద తెల్లటి మోళ్లు మాత్రం మిగిలాయి.

నీడ పోయింది. మన్ను ఎండి పగిలింది. పీతలు బొరియలు వదిలేసి దీవి అవతలి ఒడ్డుకి బయల్దేరాయి. వెళ్తూ వెళ్తూ గట్టయ్య కెంపమ్మ చెట్టు కింద ఆగాడు.

"సంతోషమేనా కోడలా?"

"ఊరికే నిష్ఠూరాలాడకు మావయ్యా. అక్కడా తడి ఉంటుంది."

"ఉంటుంది. రేపు మేకలు మీద పడితే మాత్రం నన్ను పిలవకు. అంత దూరం వినబడదు," అని అడ్డంగా నడుచుకుంటూ పోయాడు.

పూతకాలం వచ్చింది. ఆ ఏడు తోపు చూసి కెంపమ్మ మనసు నిండిపోయింది. కాసే చెట్లు ఎప్పట్లానే చిన్న చిన్న లేత పూతతో నిండాయి. గాలి వీచింది, పొడి మాత్రం లేదు. ఈకలు తళతళలాడాయి. గూళ్లు కడిగినట్టున్నాయి. ఒక్క పావురమూ తుమ్మలేదు.

"చూశారా!" అని కొమ్మ కొమ్మకీ తిరిగి చెప్పుకుంది. "తోపంటే ఇలా ఉండాలి. మా అమ్మ కాలం నుంచీ ఎవరికీ తోచలేదు ఈ పని."

పావురాలు ధైర్యంగా గుడ్లు పెట్టాయి. పగడం కూడా పెట్టింది. ఈసారి గుడ్డు తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. కెంపమ్మ రోజుకి ఎన్నిసార్లు చూసుకునేదో లెక్కే లేదు. కూతురు మేతకి వెళ్తే తనే పొదిగేది. చివరికి ఓ ఉదయం పెంకు చిట్లి, కళ్లు తెరవని పిల్ల ఒకటి బయటికొచ్చి మెడ సాచింది. మనవరాలు! కెంపమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"అమ్మా, పండు ఇంకా రాలేదేంటి?" అంది పగడం.

"వస్తుంది. ఈ ఏడు కాస్త ఆలస్యం."

పూత మాడడం మొదలైంది. కెంపమ్మ ఒక కొమ్మ చూసింది, ఇంకో కొమ్మ చూసింది. ఎక్కడా పిందె లేదు. ముక్కుతో తాకితే పూత పొట్టులా రాలిపోయింది. తోపు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిరిగింది. ప్రతి చెట్టు కిందా ఎండిన పూత. ఏ చెట్టు మీదా కాయ లేదు.

పగడం గొంతులో పాలు ఊరలేదు. మొగలి గింజలు తిని చూసింది, ఎండు ఆకులు నమిలి చూసింది. పిల్ల మాత్రం నోరు తెరుచుకుని, తల్లి గొంతులో ముక్కు పెట్టి వెతుక్కుంటూనే ఉంది. కెంపమ్మ తన గొంతూ ఇచ్చింది. అందులోనూ ఏమీ లేదు. గూళ్లన్నింటిలోంచీ ఆకలి అరుపే. రోజురోజుకీ అది సన్నగిల్లింది.

అలాంటి ఓ పొద్దున బొల్లిమేక వచ్చింది. ఈసారి ఒంటరిగా రాలేదు, మంద మొత్తం వెంట ఉంది. ఈసారి గట్టు దగ్గర ఆగనూ లేదు.

"ఏంటిది? లోపలికెలా వచ్చారు?" అని కెంపమ్మ రెక్కలు విదిల్చింది.

"మాట ప్రకారమే వచ్చాం తల్లీ. కాయని చెట్టు మేకలదన్నారుగా? చూసుకుంటూ వచ్చాను. ఒక్కటీ కాయలేదు."

"ఇవి కాసే చెట్లు!"

"ఏవీ కాయలు?"

కెంపమ్మ కొమ్మలన్నీ ఇంకోసారి వెతికింది.

"ఈ ఒక్క ఏడాదే ఇలా జరిగింది. వచ్చే ఏడు కాస్తాయి," అంది చివరికి.

"ఇక కాయవు," అంది బొల్లిమేక. ఆ గొంతులో కోపం లేదు, వెటకారం కూడా లేదు. "నేను పుట్టిన ఊరి ఒడ్డంతా తాటిచెట్లే తల్లీ. అందులో పోతుతాడనే మగచెట్టుంటుంది, పెంటితాడనే ఆడచెట్టుంటుంది. పోతుతాడు కాయదు. కానీ దాని పుప్పొడి పడితేనే పెంటితాడుకి ముంజెలొస్తాయి. మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసది. మీ ఏటవాలు చెట్లు పోతులు. మీరు తుమ్మిన ఆ పొడే మీ పండు."

కొమ్మ మీద పగడం ఆ మాట విని తల్లి వైపు చూసింది. కెంపమ్మ కూతురి వైపు చూడలేకపోయింది.

"తెలిసీ అడిగావా?" అంది బొల్లిమేకతో. "గుడ్డు పోయిందని ఓదార్చడానికి వచ్చావే, ఆ రోజే తెలుసా నీకు?"

"తెలుసు. మా పిల్లలు మట్టి నాకడమూ నిజమే, మీ గుడ్డు పోయిందని నేను బాధపడ్డమూ నిజమే. చెట్ల సంగతి మాత్రం మీరడగలేదు, నేను చెప్పలేదు."

"పొడవండి!" అని అరిచింది కెంపమ్మ. "కళ్లు పొడవండి!"

పావురాలు దిగాయి. కానీ తిండి లేక రెక్కలు తేలిపోతున్నాయి. మేకలు తల దించుకుని నేలకి మూతి ఆనించాయి. కిందనుంచి కరిచేవాళ్లు లేరు కదా, వాటికి కళ్లు దాచుకోవడం తేలికైపోయింది. కెంపమ్మ అవతలి ఒడ్డు వైపు తిరిగి "గట్టయ్య మావయ్యా!" అని కేక పెట్టింది. సముద్రం హోరు తప్ప ఏమీ బదులు రాలేదు. కాసేపటికి పావురాలు ఒక్కొక్కటే కొమ్మల మీదికి చేరి రొప్పుతూ కూర్చున్నాయి.

"ఇవి కూడా తినేస్తే ఇంక ఈ దీవి మీద ఏముంటుంది?" అంది కెంపమ్మ. అది బతిమాలుడో శాపమో ఆవిడకే తెలీదు. "ఈ చెట్టు ఇంకెక్కడా లేదే! ఆ తర్వాత మీరేం తింటారు?"

"అది మా పిల్లలు చూసుకుంటాయిలెండి," అని బొల్లిమేక మొదటి బెరడు పట్టీ ఒలిచింది.

ఓపిక ఉన్న పావురాలు ఆ సాయంత్రమే పక్క దీవులకి ఎగిరిపోయాయి. పిల్లల్ని మోసుకుపోవడం పావురాలకి చేతకాదు. గూళ్లలో ఉన్నవి గూళ్లలోనే ఉండిపోయాయి. పగడం మాత్రం కదల్లేదు. ఆఖరి వరకూ పిల్ల మీద రెక్క కప్పుకుని కూర్చుంది. పిల్ల ముక్కు తల్లి గొంతు దగ్గర కాస్త కదిలి, ఆగిపోయింది.

"పగడం," అని పిలిచింది కెంపమ్మ.

"నన్ను పలకరించకమ్మా," అంది పగడం. పిల్ల మీంచి రెక్క తీసి, వెనక్కి తిరక్కుండా ఎగిరిపోయింది.

కెంపమ్మ వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? మనవరాలు పడుకున్న గూటి పక్కన కొమ్మ పట్టుకుని కూర్చుంది. కింద మొదలు చుట్టూ మేకల పళ్లు ఆడుతున్న చప్పుడు చెట్టంతా పాకుతూ ఆవిడ కాళ్లలోకి ఎక్కుతోంది. బొల్లిమేక ఒకసారి నమలడం ఆపి, తల పైకెత్తి మర్యాదగా అంది:

"మీరు కూర్చోండి కెంపమ్మా. పైన మీరున్నా మాకేం అడ్డం లేదు."

దేని పని ఏమిటో తెలియకుండా దాన్ని పనికిరాదని వదులుకున్నవాళ్లకి, అది పోయాకే దాని పని తెలుస్తుంది.